రెండు నూళ్ళ లెక్క

ఉద్యోగ విరమణ చేసిన మరుసటి నెలలో నేను కుట్టిన మొట్టమొదటి అతుకుల బొంతకు పై అంచు 48 అంగుళాలు వచ్చింది, కింది అంచు 46 అంగుళాల 5 నూళ్ళు వచ్చింది. నేలమీద పరిస్తే ఒక పక్క చదునుగా ఉండి, రెండో పక్కన గాలి నింపినట్టు ఉబ్బింది. ముక్కలన్నీ ఒకే అట్ట పెట్టి కత్తిరించినవే, ఒక్కో వరుసకు లెక్కగా పన్నెండేసి ముక్కలు అతికినవే. బట్ట సాగిపోయిందేమో అనుకొని, దాన్ని చంకన పెట్టుకొని మా గుంటూరు బ్రాడీపేట సందు చివర నలభై ఏళ్ళుగా మిషన్ తొక్కుతున్న టైలరు గారి దగ్గరికి వెళ్ళాను.

"బట్ట సాగిందంటారా సాయిబు గారూ?" అని అడిగాను.

ఆయన బొంతను తిరగేసి, మెడలోని టేపు తీసి రెండు చోట్ల కుట్టు మార్జిన్ మీద, అంటే కుట్టుకూ ముక్క అంచుకూ నడుమ వదిలే బట్ట మీద, ఆనించి చూశారు. "బట్ట కాదమ్మా, కుట్టు సాగింది. ఇక్కడ రెండు నూళ్ళు పట్టారు. కిందికి వచ్చేసరికి రెండున్నర పట్టారు" అన్నారు.

నూలు అంటే ఇక్కడ దారం కాదు, అంగుళంలో ఎనిమిదో వంతు. వడ్రంగులూ తాపీ మేస్త్రులూ ఇప్పటికీ ఈ లెక్కే వాడతారు. బొంత ముక్కల అతుకుకు ఎక్కువగా వాడుకలో ఉన్న మార్జిన్ పావు అంగుళం, అంటే సరిగ్గా రెండు నూళ్ళు. నేను పొరపాటు పడింది అర నూలే. కానీ పన్నెండు ముక్కల వరుసలో పదకొండు అతుకులుంటాయి, ప్రతి అతుకూ రెండు పక్కలా బట్ట తింటుంది కాబట్టి ఆ అర నూలు ఇరవై రెండు సార్లు పోగుపడి పదకొండు నూళ్ళు అవుతుంది. అంగుళం మీద మూడు నూళ్ళన్నమాట. బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెక్కలు చూసినదాన్ని, బట్ట మీద చక్రవడ్డీ లాంటిది ఒకటి నడుస్తుందని మాత్రం ఆ రోజే తెలుసుకున్నాను.

దానికి ఆయన చూపించిన ఉపాయం ఇప్పటికీ నా మిషన్ మీద ఉంది. సూది దిగే చోటు నుంచి కుడివైపుకు పావు అంగుళం కొలిచి, మిషన్ పలక మీద దెబ్బలకు వేసుకునే తెల్లటి గుడ్డ ప్లాస్టరును నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించడమే ఆ ఉపాయం. ఒక్క పొర అయితే అది గీత మాత్రమే, కంటితో చూస్తూ కుట్టాలి. నాలుగు పొరలు వేస్తే అది గట్టు అవుతుంది, బట్ట అంచు దానికి ఆనుకొని తనంతట తానే నడుస్తుంది. అంటించే ముందు ఒక కాగితం మీద అంచు నుంచి పావు అంగుళంలో గీత గీసి, దారం లేకుండా సూదిని ఆ గీత మీద నడిపి చూసుకోవాలి. చిల్లులు గీత మీదే పడితే, కాగితం అంచు ఉన్న చోటే గట్టుకు సరైన చోటు. సూది దగ్గర బట్టను అదిమి పట్టే పాదాల్లో పావు అంగుళం పాదం అని మిషన్ కంపెనీలు విడిగా అమ్ముతాయి, బాగుంటుంది కూడా. అయితే మా ఇంట్లో ఉన్నది మా అత్తయ్యగారి కాలపు కాలు మిషన్. దానికి ఈ ప్లాస్టరు గట్టే చాలింది.

అతుకు సరిపడిన తరువాత కూడా తేడాలు కనిపిస్తూనే ఉంటే, ఇక తప్పు కత్తిరింపులో ఉన్నట్టే. నా అనుభవంలో బొంతలు ఎక్కువగా పాడయ్యేది కత్తెర దగ్గరే. పాత నూలు చీర ఎంత మెత్తగా ఉంటుందో కత్తిరించేటప్పుడు అంత దొంగలా ప్రవర్తిస్తుంది. వేలు పెడితే చాలు, ఏటవాలుగా సాగుతుంది. దీనికి నేను కనుక్కున్న అన్నిటికంటే గొప్ప పనిముట్టు కొట్లో దొరికేది కాదు, వంటింట్లో ఉండే గంజి. అన్నం వార్చిన గంజిని పల్చగా చేసి, వడకట్టి, కత్తిరించబోయే బట్టను అందులో ముంచి, పిండకుండా నీడన ఆరేసి, ఇంకా కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే, ఇరవై ఏళ్ళు కట్టిన మంగళగిరి చీర కూడా కొత్త కాగితంలా నిలబడుతుంది. అప్పుడు ముక్కను ఏ మూల పట్టి లాగినా ఆ మూల చెదరదు. బొంత పూర్తయ్యాక ఒక్క ఉతుకుతో ఆ గంజి పోతుంది, మెత్తదనం తిరిగి వస్తుంది. ఉతకడం మాత్రం మరచిపోకూడదు. గంజి ఉన్న బట్టను వానాకాలంలో బీరువాలో పెడితే వెండిచేపలనే పురుగులు వెతుక్కుంటూ వచ్చి పండగ చేసుకుంటాయి. నేను అలా ఒక పెడన కలంకారీ ముక్కను పోగొట్టుకున్నాను.

ఇస్త్రీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చొక్కా మీద రుద్దినట్టు అతుకుల మీద ఇస్త్రీ పెట్టెను రుద్దకూడదు. అద్ది, ఎత్తి, పక్కకు జరిపి మళ్ళీ అద్దాలి. మార్జిన్‌ను రెండు వైపులకూ విడదీయకుండా ముదురు రంగు ముక్క వైపుకు ఒకేలా పడుకోబెడితే, లేత రంగు కింద నుంచి నీడలా కనిపించే ఇబ్బంది ఉండదు. ఒక వరుస మార్జిన్లు కుడికి, పక్క వరుసవి ఎడమకు పడుకోబెడితే, రెండు వరుసలను జోడించేటప్పుడు ఒకదాని గట్టు మరొకదాని గట్టుకు వేలితో తడిమితేనే తెలిసేలా తగులుకుంటుంది, నాలుగు మూలలు ఒక చుక్క దగ్గర కలుస్తాయి.

ఇక నేను డబ్బు పెట్టి కొన్నందుకు ఎప్పుడూ బాధపడని వస్తువు రోటరీ కట్టర్. పిజ్జా కోసే చక్రం లాంటి గుండ్రటి బ్లేడు, దానికొక పిడి. జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఓల్ఫా కంపెనీ 1979లో దీన్ని బజారులోకి తెచ్చింది. 28, 45, 60 మిల్లీమీటర్ల బ్లేడులు ఎక్కువగా దొరుకుతాయి. బొంత పనికి 45 సరిపోతుంది. కత్తెరతో కోసేటప్పుడు కింది ఆకు బట్టను నేల నుంచి లేపుతుంది, ఆ లేచినప్పుడే ముక్క వంకరపోతుంది. చక్రం మాత్రం బట్టను అదిమే కోస్తుంది, గంజి పెట్టిన బట్ట నాలుగు మడతలైనా ఒక్క లాగుతో తెగుతుంది. ఆ లాగు ఎప్పుడూ మన నుంచి అవతలికే వెళ్ళాలి, పని ఆపిన ప్రతిసారీ బ్లేడు మూత వేయాలి. మనవలు తిరిగే ఇంట్లో ఈ రెండు నియమాలకూ మినహాయింపు లేదు.

ఒకసారి చూసుకోకుండా గుండుసూది మీదుగా చక్రాన్ని నడిపాను. ఆ తరువాత కోసిన ప్రతి గీతలోనూ ఐదున్నర అంగుళాలకు ఒకసారి ఒక్క పోగు తెగకుండా మిగిలిపోవడం మొదలుపెట్టింది. బట్ట లోపమనుకొని రెండు రోజులు విసుక్కున్నాను. తరువాత లెక్క వేస్తే 45 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత 141 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఐదున్నర అంగుళాలు. బ్లేడు మీద ఒకే ఒక్క చోట నొక్కు పడింది, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అది బట్ట మీద సంతకం చేస్తోంది. కొత్త బ్లేడు వేయగానే జబ్బు కుదిరింది.

కట్టర్‌తో పాటు కింద పరిచే ఆకుపచ్చ మ్యాట్ తప్పనిసరి. కోసిన గీత తనంతట తానే పూడుకుపోయే రకం తీసుకోవాలి. కొన్న ఏడాదే దాన్ని మే నెలలో వరండాలో గోడకు ఆనించి మరచిపోయాను. గుంటూరు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు తరువాత ఏమైందో చెప్పనక్కరలేదు. సాయంత్రానికి నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగింది. ఎన్ని బరువులు పెట్టినా పూర్తిగా చదును కాలేదు. రెండో మ్యాట్‌ను పరుపు కింద పడుకోబెట్టి ఉంచుతున్నాను.

కట్టర్‌కు ఆనించడానికి మందమైన పారదర్శకపు స్కేలు కావాలి. దర్జీల చెక్క స్కేలు కింద ఉన్న బట్టను దాచేస్తుంది కాబట్టి దీనికి పనికిరాదు. 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు ఉన్నది మొదట కొనదగిన కొలత. నేను మాత్రం సైన్‌బోర్డులు చేసే కొట్లో మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ పలకను ఆ కొలతకు లేజర్ మీద కోయించి, అంగుళాల గీతలూ 45 డిగ్రీల గీతా చెక్కించుకున్నాను. అడుగున గీత చెక్కమని నొక్కి చెప్పాలి. పై భాగాన చెక్కితే, పలక మందం వల్ల కన్ను పక్కకు జరిగినప్పుడల్లా గీత కూడా జరిగినట్టు కనిపిస్తుంది, అర నూలు మళ్ళీ చేతికి చిక్కకుండా పోతుంది. స్కేలు బట్ట మీద జారకుండా అడుగున రెండు చోట్ల గరుకు కాగితం ముక్కలు అంటించాను.

కత్తెరకు పని లేకుండా పోలేదు. దారాలకూ వంపులకూ మీరట్ కత్తెర ఒకటి ఉంది. దాన్ని కాగితం మీద వాడనివ్వను. ఏడాదికోసారి సైకిల్ మీద వచ్చే సాన పట్టే ఆయనకు ఇస్తాను. కుట్లు విప్పడానికి మన టైలర్లు సగం బ్లేడు వాడతారు. నా వేళ్ళకు ఆ ధైర్యం లేదు కనుక రెండు మొనల సీమ్ రిప్పర్ కొనుక్కున్నాను. ఒక పక్క ప్రతి నాలుగో కుట్టూ తెంపి, రెండో పక్క దారం లాగితే మొత్తం ఊడి వస్తుంది.

గీతలు గీసుకునే కలాల విషయంలో నేను తిన్న దెబ్బలు ఎక్కువ. నీళ్ళతో పోయే నీలం కలం మంచిదే, కానీ ఆ గీత మీద ఇస్త్రీ పెట్టె పడిందంటే అది బట్టలో పాతుకుపోతుంది. చన్నీళ్ళతో కడిగి, గీత పోయిందని చూసుకున్నాకే ఇస్త్రీ చేయాలి. గాలికే పోయే ఊదా రంగు కలం మరీ అన్యాయం. గాలిలో తేమ ఎక్కువైతే ఆ గీత ఇంకా తొందరగా మాయమవుతుంది, కృష్ణ ఒడ్డున విజయవాడలో ఉండే మా చెల్లెలు గీసి కాఫీ తాగి వచ్చేసరికి బట్ట తెల్లబోయి ఉందని వాపోయింది. వేడి తగిలితే పోయే ఫ్రిక్సియన్ కలం 60 డిగ్రీల దగ్గర రంగు కోల్పోతుంది, గడ్డకట్టే చలిలో అదే గీత మళ్ళీ బయటపడుతుంది. ఆ చలి మన ఊళ్ళో ఫ్రీజర్‌లో తప్ప లేదు కాబట్టి నాకు దానితో పేచీ లేదు. అయినా ముదురు బట్టల మీద నేను నమ్ముకునేది అరిగిపోయిన తెల్ల సబ్బు బిళ్ళనే. పల్చగా అరిగిన అంచుతో గీస్తే సన్నటి గీత వస్తుంది, ఉతికితే పోతుంది, ఖర్చు లేదు.

పొరలు కూర్చడం దగ్గరికి వస్తే, మా అమ్మమ్మ బొంతకూ ఇప్పటి క్విల్టుకూ అసలు తేడా తెలుస్తుంది. తెనాలి పక్క పల్లెలో అమ్మమ్మ కుట్టిన బొంతల్లో దూది ఉండేది కాదు. కిందా పైనా మంచి చీరలు, నడుమ చిరిగిన పంచెలూ చీరలూ, అంతే. బట్ట మీద బట్ట జారదు, అందుకే కుట్లు దూరంగా వేసినా ఆ బొంత పాతికేళ్ళు నిలిచింది. విడి దూది పరిస్తే కుట్లు రెండు మూడు అంగుళాల దూరంలో లేకపోతే నాలుగు ఉతుకులకే అది ఉండలు కట్టి ఓ మూలకు చేరుతుంది. బజారులో దొరికే పాలిస్టర్ షీటు ఉండకట్టదు, తేలికగా ఉంటుంది, కానీ మన వాతావరణంలో దాని కింద పడుకుంటే మూడో ఝాముకు చెమట పడుతుంది. నేను నడుమ ఒక పాత దుప్పటి వేస్తాను. కోస్తా చలికి అది చాలు.

మూడు పొరలను నేల మీద పరిచేటప్పుడు మా హాలులోని రెండడుగుల టైల్సే నాకు స్కేలు. బొంత అంచును టైలు గీతకు కలిపి, అడుగు పొరను టేపుతో నాలుగు పక్కలా నేలకు అంటిస్తే మూలమట్టం వెతుక్కోనక్కరలేదు. ఫ్యాను మాత్రం ఆపాలి. ఫ్యాను తిరుగుతుంటే పై పొర తెరచాపలా లేస్తుంది. అందుకే ఈ పని మే నెలలో ఉదయం ఆరు లోపలే ముగించుకుంటాను.

పరిచిన పొరలు కదలకుండా టాకాలు వేయవచ్చు, పిన్నీసులు పెట్టవచ్చు. జిగురు స్ప్రే కూడా ఉంది గానీ, మూసిన గదిలో ఆ వాసన పీల్చడం కంటే టాకాలే నయం. మిషన్ మీద కుట్టబోయే బొంతకు పిన్నీసులు, చేతితో కుట్టబోయేదానికి టాకాలు అని నేను పెట్టుకున్న పద్ధతి. ఎందుకంటే చేతికుట్టులో దారం మాటిమాటికీ పిన్నీసుకు చుట్టుకుంటుంది. పిన్నీసుకూ పిన్నీసుకూ నడుమ పిడికెడు దూరం, అంటే నాలుగు అంగుళాలు ఉంటే సరిపోతుంది.

మిషన్ మీద పొరలు కుట్టేటప్పుడు కింద ఉన్న పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతాయి, పాదం పై పొరను వెనక్కి పట్టుకుంటుంది. చివరకు పై పొర అలలుగా మిగులుతుంది. పై నుంచి కూడా పళ్ళతో లాగే వాకింగ్ ఫుట్ దీనికి మందు. మన మిషన్‌లో పాదం బిగించే కడ్డీ ఎత్తు కొలుచుకొని వెళ్ళి కొనాలి, లేకపోతే అది ఇంట్లో అలంకారమే. సూది 16 నంబరు వేస్తాను. డబ్బా మీద 100/16 అని ఉంటుంది, 100 అంటే సూది కాడ మందం ఒక మిల్లీమీటరు అని అర్థం. పల్చటి ముక్కలు అతికేటప్పుడు 11 గానీ 14 గానీ చాలు. సూది విరిగేదాకా వాడటం మన ఇళ్ళల్లో అలవాటు, కానీ ఎనిమిది గంటల కుట్టుపనికే దాని మొన మొద్దుబారుతుంది. మిషన్ టప్ టప్ మని చప్పుడు చేస్తుంటే బాగుచేసే మనిషికి కబురు పంపే ముందు సూది మార్చి చూడటం మేలు.

చేతికుట్టు అంటేనే నాకు ఎక్కువ ఇష్టం. దానికి కావలసిన సూది పొట్టిగా ఉండాలి. నంబరు పెరిగే కొద్దీ సూది చిన్నదవుతుంది. కొత్తవాళ్ళు 8తో మొదలుపెట్టి 10 దాకా వెళ్ళవచ్చు. అమ్మమ్మ పొడవాటి సూదితోనే కుట్టేది, మందమైన చోట మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, కుట్టే దబ్బనం కూడా వాడేది. దారం మాత్రం ఎప్పుడూ ఒక్క మూరే తీసేది. మూర అంటే 18 అంగుళాలు. ఇప్పుడు క్విల్టింగ్ నేర్పేవాళ్ళు చెప్పే పొడవూ సరిగ్గా అంతే. అంతకంటే పొడవైతే బట్టలోంచి మాటిమాటికీ దూరి దారం నలిగి నూగు లేస్తుంది, ముడులు పడతాయి. ఆ మూర దారాన్ని తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, కాగితాల నడుమ పెట్టి ఇస్త్రీ పెట్టెతో ఒకసారి అద్దితే మైనం దారంలోకి ఇంకుతుంది. ఇక అది మెలిక తిరగదు.

సూది వెనుక భాగం నడిమి వేలిలో గుచ్చుకోకుండా లోహపు టోపీ వంటి థింబుల్ పెట్టుకోవాలి. మొదట వారం రోజులు అది వేలికి పట్టిన శనిలా ఉంటుంది, తరువాత లేకపోతే కుట్టలేము. నాలుగు పొరల్లో ఇరుక్కున్న సూదిని లాగడానికి నా దగ్గర ఉన్న ఉపాయం బ్యాంకు నుంచి తెచ్చుకున్నది. నోట్లు లెక్కపెట్టేటప్పుడు చూపుడు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగు అది. చెమట చేతికి కూడా సూది జారదు. చత్వారం వచ్చినవాళ్ళకు సన్న తీగ ఉన్న రేకు బిళ్ళ పది రూపాయలకే ఫ్యాన్సీ కొట్లో దొరుకుతుంది, అది ఒకటి డబ్బాలో వేసుకుంటే దారం ఎక్కించమని పిల్లలను పిలవనక్కరలేదు.

బొంతను బిగించి పట్టుకోవడానికి పెద్ద చెక్క రింగులు వాడతారు. మా చెల్లెలు ఇంతకంటే తెలివైన పని చేసింది. పక్కింటి మగ్గం వర్క్ చేసే అమ్మాయి దగ్గర మూలనపడిన చట్రాన్ని కొని, జాకెట్టు ముక్కకు బదులు బొంతనే దానికి కట్టింది. ఒక్కటే మార్పు చేసుకోవాలి. మగ్గం పనికి బట్ట డప్పులా బిగువుగా ఉండాలి, బొంతకు మాత్రం కాస్త వదులుగా ఉండాలి. సూదిని పైకీ కిందికీ ఊపుతూ ఒక్కసారికి మూడు నాలుగు కుట్లు ఎక్కించాలంటే బట్ట వంగాలి కదా.

చివరి అంచు మడిచి కుట్టేటప్పుడు పట్టి ఉంచడానికి ప్రత్యేకమైన రంగు క్లిప్పులు అమ్ముతున్నారు. ఆడపిల్లల టిక్‌టాక్ క్లిప్పులు అదే పని చేస్తాయి, పైగా అవి బల్లపరుపుగా ఉంటాయి. నేను రెండు డజన్లు మా మనవరాలి పెట్టెలోంచి అప్పుగా తెచ్చుకొని ఇంతవరకూ తీర్చలేదు.

పిన్నీసుల గురించి ఒక్క మాట మిగిలిపోయింది. ఒక వానాకాలం ఒళ్ళు బాగాలేక, పిన్నీసులు పెట్టిన బొంతను నెలన్నర అలాగే మడిచి ఉంచాను. విప్పేసరికి ప్రతి పిన్నీసు దగ్గరా తుప్పు మచ్చ. నిమ్మరసం, ఉప్పు కలిపి పూసి ఎండలో పెడితే చాలావరకు పోయాయి. ఇత్తడి పిన్నీసులు తుప్పు పట్టవని అందరూ చెప్పారు, నేనూ ఒప్పుకుంటాను. అయినా ఉక్కువే వాడుతున్నాను, పని సాగని రోజుల్లో తీసేసి పెడుతున్నాను. మొన్న మా అక్క మనవడి కోసం 36 అంగుళాలకు 45 అంగుళాల చిన్న బొంత కుట్టినప్పుడు 99 పిన్నీసులు లెక్కపెట్టి పెట్టాను. తీసినప్పుడు 98 వచ్చాయి. డబ్బా బోర్లించాను, టైల్స్ ఊడ్చాను, లేదు. చెడిపోయిన స్పీకరులోంచి మా అబ్బాయి ఊడదీసి ఇచ్చిన అయస్కాంతాన్ని బొంత మీద మెల్లగా నడిపితే, ఎడమ కింది మూలలో కుట్టేసిన అంచు లోపల టక్కున అంటుకుంది. అసలైన ఇత్తడిది అయి ఉంటే అయస్కాంతానికి చిక్కేది కాదు. ఆ మూల నాలుగు అంగుళాలు విప్పి, దాన్ని తీసి, మళ్ళీ కుట్టి, బొంతను మర్నాడు ఉదయం బస్సులో విజయవాడ పంపించాను.